రసాయనశాస్త్ర తపస్వి - ఆచార్య టి. ఆర్. శేషాద్రి

పత్తిచేలో పూచే పసుపు పూవును, గోంగూర మడిలో విరిసే పూవును తెలుగువారు తరతరాలుగా చూస్తూనే ఉన్నారు. ఆ రేకులకు రంగునిచ్చే పదార్థాలు ఏవో తెలుసుకోవడానికి జీవితాన్ని అంకితం చేసిన శాస్త్రవేత్త ఆచార్య తిరువేంకట రాజేంద్ర శేషాద్రి. విశాఖపట్నంలో మద్దిలపాలెం పక్కనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయన కృషికి ముఖ్య కేంద్రమయింది.

శేషాద్రి 1900 ఫిబ్రవరి 3న కావేరీ తీరంలోని కుళిత్తలైలో జన్మించారు. తండ్రి ఉపాధ్యాయుడు. రామకృష్ణ మిషన్ చేయూతతో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకున్నారు. 1927లో ఇంగ్లాండు వెళ్ళి, రాబర్ట్ రాబిన్సన్ పర్యవేక్షణలో పరిశోధించి, 1929లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. అటుపై ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ వద్ద సూక్ష్మ విశ్లేషణ పద్ధతులను అభ్యసించారు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతోనే దానిలోని కర్బనం, ఉదజని పాళ్ళను కచ్చితంగా నిర్ణయించే విద్య అది. దానికే ప్రెగ్ల్ 1923లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

స్వదేశానికి తిరిగివచ్చిన శేషాద్రి, కోయంబత్తూరులో కొంతకాలం పనిచేసి, 1930వ దశకం తొలి భాగంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖకు అధిపతిగా వచ్చారు. అప్పటికి ఆ శాఖ శైశవ దశలో ఉంది. పరిశోధనకు కావలసిన ముడి పదార్థాలను ఆయన ఈ దేశపు చేలలోనే, తోటలలోనే వెదికారు. పత్తి, గోంగూర జాతి మొక్కలు, గంగరావి పూలు, కానుగ గింజలు ఆయన ప్రయోగశాలకు చేరాయి.

ఆ పని ఎంతో ఓర్పును కోరేది. ఆరబెట్టిన పూలను ఆల్కహాలులో మరిగించి సారం తీయాలి. ఈథరుతో మైనాన్ని, కొవ్వును తొలగించాలి. సీస లవణాలతో వర్ణద్రవ్యాలను ఒకదాని నుండి మరొకదానిని విడదీయాలి. పిమ్మట పదే పదే స్ఫటికీకరించాలి. స్వచ్ఛమైన పదార్థం నిర్ణీతమైన ఉష్ణోగ్రత వద్ద కరుగుతుంది. మలినమున్నది అంతకు ముందే మెత్తబడుతుంది. ఆ తేడాను గమనింపక తొందరపడితే, తరువాతి లెక్కలన్నీ తప్పుతాయి. నేడు సులభంగా పనిచేసే కాగితపు క్రొమటోగ్రఫీ 1944లో గాని వెలుగు చూడలేదు. అయినా శేషాద్రి, ఆయన శిష్యులు గోంగూర జాతి పూల నుండి హైబిసెటిన్‌ను, కానుగ నూనె నుండి పొంగమాల్‌ను వేరుచేసి, వాటి నిర్మాణాలను పరిశోధించారు.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు కురిపించాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. స్ఫటికాల కోసం రోజుల తరబడి వేచి ఉండవలసిన పరిశోధనకు అది పెద్ద విఘాతం. అయినప్పటికీ ఆయన బృందం పరిశోధనను విడిచిపెట్టలేదు. ఆ సంవత్సరాలలోనూ వారి పత్రాలు వెలువడుతూనే వచ్చాయి.

1949లో శేషాద్రి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడ మరొక గొప్ప పరిశోధనా కేంద్రాన్ని తీర్చిదిద్దారు. 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ పురస్కారం ఆయనను వరించాయి. 1975 సెప్టెంబరు 27న ఆయన కన్నుమూశారు.

ఖరీదైన పరికరాలు లేవని ఆయన పని ఆపలేదు. పెరటి పూవును చులకనగా చూడలేదు. మలినాన్ని ఓర్పుతో తొలగించిన తరువాతనే నిజం చెప్పాలన్న నియమాన్ని తన శిష్యులకు నేర్పారు. వాల్తేరులో ఆయన వేసిన ఆ పునాది ఎందరో పరిశోధకులకు ఆధారమయింది.