గోల్కొండను నిలబెట్టిన రాజమాత హయాత్ బక్షీ బేగం

హైదరాబాద్ చూడబోయిన మన జిల్లా వాసులు చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూసుకుని తిరుగు బస్సెక్కుతారు. గోల్కొండ కోట దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల దాకా పోయేవారు తక్కువ. పోయినా రాజుల గుమ్మటాలే చూస్తారు. వాటి సరసన ఏమాత్రం తీసిపోకుండా ఒక స్త్రీ గుమ్మటం కూడా ఉంది. అది హయాత్ బక్షీ బేగంది.

హైదరాబాద్ నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె ఆమె. 1612లో తండ్రి చనిపోగా భర్త సుల్తాన్ మహమ్మద్ గద్దెనెక్కాడు. 1626లో ఆయనా పోయాడు. కొడుకు అబ్దుల్లాకు అప్పటికి పన్నెండేళ్లే. పసివాడి పేరున రాజ్యభారం మోసింది తల్లే. హయత్‌నగర్ ఆమె పేరున వెలసిన ఊరే.

అసలు పరీక్ష 1656లో వచ్చింది. మంత్రి మీర్ జుమ్లా సుల్తానుతో చెడి మొగలుల పంచన చేరాడు. ఆ వంకతో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. అబ్దుల్లా కోటలో చిక్కుకుపోయాడు. వయసు పైబడిన తల్లి తానే శత్రువు డేరాలకు వెళ్లి సంధి మాట్లాడింది. సంధి చౌకగా కుదరలేదు. కోటి రూపాయలు చెల్లించాలి, రామగిరి ప్రాంతం వదులుకోవాలి, మనవరాలిని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్లి చేయాలి. ఆ పిల్లను అడిగినవాళ్లెవరు? షాజహాన్ హుకుం కూడా రావడంతో ముట్టడి ఎత్తేశారు. గోల్కొండ మరో 31 ఏళ్లు బతికింది.

ఆ రోజుల్లో ఔరంగాబాద్ నుంచి గోల్కొండకు బాట మన ఇందూరు, ఇందల్వాయి మీదుగానే సాగేది. 1660ల్లో ఆ దారిన వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవనో ఇందల్వాయిలో కత్తులు, బల్లేలు తయారయ్యే సంగతి రాసుకున్నాడు.

1667లో ఆమె కన్నుమూసింది. ఈ పెద్ద గుమ్మటాల తీరు ఒకటే. చదరపు కట్టడం, చుట్టూ కమానులు, మూలల్లో మినార్లు, పైన ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటం, దాని మొదట్లో తామర రేకులు. కట్టుబడి రాయి, డంగుసున్నం. లోపల కనబడే రాతి సమాధి గుర్తు కోసమే, అసలు గోరి కింద నేలమాళిగలో ఉంటుంది. ఆమె గుమ్మటం పక్కనే 1666 నాటి పెద్ద మసీదు ఉంది.

1687లో ఔరంగజేబు మళ్లీ వచ్చి, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పట్టుకున్నాడు. ఈసారి అడ్డుపడేందుకు ఆమె లేదు. ఆఖరి సుల్తాన్ తానీషా దౌలతాబాద్‌లో ఖైదీగానే చనిపోయాడు. పెద్దల గుమ్మటాల నడుమ ఆయనకు చోటు దక్కలేదు, ఖుల్దాబాద్‌లో పూడ్చారు.

2013లో మొదలైన మరమ్మతుల్లో ఆగాఖాన్ ట్రస్టు వారు గుమ్మటాల మీది సిమెంటు పూత ఊడదీయించి, పాత పద్ధతిలో డంగుసున్నమే పూయించారు.