చాకిరేవు నుంచి సొంత ఫ్యాక్టరీకి

తలలో దువ్వెన పెడితే చాలు, వెంట్రుకలు గుప్పెళ్ళకొద్దీ ఊడి వచ్చేవి. మాడంతా పొట్టు, దురద, అక్కడక్కడా పుళ్ళు. అప్పటికామె వయసు ముప్పయ్యేళ్ళకు అటూ ఇటూ. రోజంతా ఊరి బట్టలుతికితే ఒకటిన్నర డాలరు చేతికి రావడమే గొప్ప. పెంచాల్సిన కూతురుంది. ఇక తన జుట్టు గురించి దిగులు పడే తీరికెక్కడిది?

అయినా ఆవిడ దిగులు పడింది. ఊరుకోకుండా దారి వెతికింది. ఆ వెతుకులాటే ఆమెను అమెరికాలో పేరుమోసిన వ్యాపారవేత్తను చేసింది. ఆమే మేడం సి.జె. వాకర్. సొంత సంపాదనతో లక్షాధికారులైన తొలి అమెరికన్ మహిళల్లో ఒకరిగా ఇవాళ్టికీ ఆమె పేరు చెప్పుకుంటారు. అయితే ఆమె కథలో డబ్బుకంటే ముందు చెప్పుకోవాల్సిందొకటుంది. ఒంటి శుభ్రత ఉన్నవాళ్ళ సోకు కాదనీ, కూలి చేసుకునే ఆడదానికీ అది దక్కాలనీ ఆమె గట్టిగా నమ్మింది.

ఏడేళ్ళకే అనాథ

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న లూయిజియానా రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున డెల్టా అనే చిన్న ఊరి దగ్గర పుట్టింది. అమ్మానాన్నలు పత్తి తోటలో బానిసలుగా బతికినవాళ్ళు. బానిసత్వం రద్దయ్యాక ఆ ఇంట్లో పుట్టిన మొదటి బిడ్డ సారాయే. పేరుకు స్వేచ్ఛ వచ్చిందేగానీ పత్తి చేలూ మారలేదు, పేదరికమూ మారలేదు.

ఏడేళ్ళు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పదేళ్ళప్పుడు అక్క లువీనియాతో కలిసి నది దాటి విక్స్‌బర్గ్ చేరి ఇళ్ళలో పనికి కుదిరింది. బావ చాలా కఠినుడు. ఆ ఇంట్లోంచి బయటపడాలంటే ఆ రోజుల్లో ఆడపిల్లకు ఒకటే దారి... పెళ్ళి! 14 ఏళ్ళకే మోజెస్ మెక్‌విలియమ్స్‌ను చేసుకుంది. 1885లో కూతురు లీలియా పుట్టింది. మరో రెండేళ్ళకే భర్త చనిపోయాడు. 20 ఏళ్ళకే వితంతువు, చంకలో పసిబిడ్డ, చేతిలో చదువు లేదు.

ఉతుకు తొట్టి దగ్గర పదిహేనేళ్ళు

అన్నలు సెయింట్ లూయీస్ నగరంలో క్షవరశాల నడుపుతున్నారు. 1880ల చివర్లో బిడ్డను తీసుకుని సారా అక్కడికి వెళ్ళింది. అక్కడా ఆమెకు దొరికింది బట్టలుతికే పనే. అప్పట్లో నల్లజాతి ఆడవాళ్ళకు వంటపని, ఇంటిపని, బట్టలుతకడం తప్ప వేరే దారులు ఉండేవి కావు. పెద్ద పెద్ద తొట్లలో మరిగే నీళ్ళు, ఘాటైన క్షారం సబ్బు, బండెడు బట్టలు, ఆపైన బొగ్గుల పొయ్యి మీద కాచిన ఇస్త్రీ పెట్టెలు... చేతులు పగిలేవి. నడుం పడిపోయేది.

అలా ఒళ్ళు హూనం చేసుకుని కూడబెట్టిన డబ్బుతో కూతుర్ని బడికి పంపింది, తర్వాత కాలేజీ చదువుకూ పంపింది. తనకు రాని చదువు బిడ్డకు రావాలన్నదే ఆమె పట్టుదల. రెండో పెళ్ళి చేసుకుంది గానీ అదీ కలిసిరాలేదు. ఈ రోజుల్లోనే ఆమె జుట్టు రాలడం మొదలైంది.

దానికి కారణం ఆమె ఒక్కదాని జబ్బు కాదు. ఆ పేటల్లో ఇళ్ళకు కుళాయిలు లేవు, స్నానాల గదులు లేవు. నీళ్ళు మోసుకురావాలి, కాచుకోవాలి. చలికాలం వస్తే ఇక చెప్పక్కర్లేదు. చాలామంది నెలకోసారి కూడా తలంటుకునేవారు కాదు. పోనీ అంటుకుందామన్నా బట్టల సబ్బులాంటి ఘాటు సబ్బే దిక్కు. దానికి తోడు సరైన తిండి లేదు, ఎడతెగని చాకిరీ. చెమటా, దుమ్మూ, జిడ్డూ పేరుకుపోయి మాడు పుండయ్యేది. ఊరందరి బట్టలూ తెల్లగా ఉతికే చేతులకు తన తల శుభ్రం చేసుకునే వీలే లేదు!

చిన్న డబ్బా, పెద్ద మలుపు

సారా ఏవేవో మందులు వాడి చూసింది. సెయింట్ లూయీస్‌లోనే ఆనీ టర్న్‌బో అనే నల్లజాతి మహిళ తలకు రాసుకునే మందు తయారుచేసి అమ్మేది. సారా కొంతకాలం ఆవిడకు ఏజెంటుగా పనిచేసింది. ఇంటింటికీ తిరిగి అమ్మడం, వాడే పద్ధతి విడమరచి చెప్పడం అక్కడే అలవాటయ్యాయి. తర్వాత రోజుల్లో వాళ్ళిద్దరూ గట్టి పోటీదారులయ్యారనుకోండి, అది వేరే కథ.

1905లో సారా డెన్వర్ వెళ్ళింది. వితంతువైన వదిన, ఆమె పిల్లలు అక్కడున్నారు. పగలు వంటమనిషిగా పనిచేస్తూ, మిగిలిన వేళల్లో సొంతంగా మందు తయారు చేసింది. 1906లో పత్రికల ప్రకటనల పని తెలిసిన చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెళ్ళాడింది. ఆ పేరే వ్యాపారానికీ పెట్టుకుంది. అలా సారా కాస్తా మేడం సి.జె. వాకర్ అయింది.

మందు రహస్యం తనకు కలలో తెలిసిందని ఆమె చెప్పుకునేది. నిజానికి చర్మవ్యాధులకు గంధకం వాడకం ఎప్పటినుంచో ఉంది. ఆమె డబ్బాలోనూ ముఖ్యమైన సరుకు గంధకమే. దానికి వ్యాసలీన్ లాంటి మెత్తటి పదార్థం, తేనెమైనం, కొబ్బరినూనె వంటివి కలిపేవారు. గంధకం వాసన తెలియకుండా పూల పరిమళం చేర్చేవారు.

అయితే డబ్బాలో ఏముందన్నదానికంటే దాంతోపాటు ఆమె నేర్పిన అలవాటే ముఖ్యం. ముందు తల శుభ్రంగా కడుక్కోవాలి. నెలకోసారి కాదు, తరచుగా. మాడు మీది పొట్టు వదిలేలా మెల్లగా రుద్దాలి. ఆ తర్వాతే మందు. ఆపైన బ్రష్‌తో దువ్వడం, కావాలంటే వేడిచేసిన దువ్వెనతో జుట్టు సర్దడం. వేడి దువ్వెన ఆమే కనిపెట్టిందని కొందరంటారు గానీ అది నిజం కాదు. అంతకుముందే ఉంది. తనను జుట్టు సాపు చేసే మనిషి అని రాస్తే ఆమెకు నచ్చేది కాదు. తన పని జుట్టు ఆరోగ్యం చూడటమేనని స్పష్టంగా చెప్పేది.

మనకూ పనికొచ్చే సంగతి

ఆమె పద్ధతిలో ఎంత నిజముంది? ఇవాళ్టి వైద్యం ప్రకారం చూసినా చాలానే ఉంది. చుండ్రు మందుల్లో గంధకం ఇప్పటికీ వాడుతున్నారు. జిడ్డు, పొట్టు పోయేలా తలంటుకుంటే చుండ్రు సగం అదుపులో ఉంటుంది. అయితే గంధకం, కార్బాలిక్ ఆమ్లం లాంటివి ఇంట్లో కలుపుకుని రాసుకోవడం మాత్రం వద్దు, చర్మం కాలిపోతుంది. షాపుల్లో దొరికే చుండ్రు షాంపూ చాలు. రాసి వెంటనే కడిగేయకుండా ఐదు నిమిషాలు ఉంచాలి.

మరొక్క మాట. చుండ్రు ఎక్కువగా ఉన్నప్పుడు తలనిండా నూనె పెట్టి రోజుల తరబడి ఉంచుకోవడం మనలో చాలామందికి అలవాటు. చుండ్రుకు కారణమయ్యే సూక్ష్మజీవి ఆ జిడ్డు మీదే బతుకుతుంది. అందుకని నూనె పెట్టుకున్నా కాసేపటికి తలంటుకోవడం మేలు. దువ్వెన, తువ్వాలు ఎవరివి వాళ్ళకే ఉండాలి. తువ్వాళ్ళు, దిండు గలీబులు వారానికోసారైనా ఉతికి ఎండలో ఆరేయాలి. బట్టలుతికి, అంట్లు తోమి చేతులు పగిలేవాళ్ళు పని అయ్యాక చేతులు కడిగి, తడి పూర్తిగా ఆరకముందే కాస్త వ్యాసలీనో కొబ్బరినూనో రాసుకుంటే చాలు. స్నానం కాగానే కాళ్ళకూ చేతులకూ ఇదే పద్ధతి. దీనికి పెద్ద ఖర్చేం లేదు.

తెల్లబరిచే క్రీము ఊసే లేదు

ఆ కాలంలో నల్లజాతి వారి పత్రికల్లో చర్మం తెల్లబరిచే మందుల ప్రకటనలు కుప్పలు తెప్పలు. మంచి గిరాకీ ఉన్న సరుకు. అయినా మేడం వాకర్ బతికున్నన్నాళ్ళూ అలాంటి క్రీము అమ్మలేదు. తన నల్లటి మొహాన్నే డబ్బా మీద అచ్చువేసింది. జుట్టు పెరగకముందు, పెరిగిన తర్వాత తన ఫొటోలనే ప్రకటనల్లో వాడింది. ఆమె పోయాకే ఆ కంపెనీ తెల్లబరిచే క్రీము తెచ్చింది.

ఈ సంగతి మనమూ గుర్తుపెట్టుకోవాలి. ఒంటి రంగు మారుస్తామనే చవక క్రీముల్లో కొన్నింట్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలకు చేటు. ఇంకొన్నింట్లో స్టెరాయిడ్లు ఉంటాయి. నాలుగు రోజులు మొహం మెరుస్తుంది, ఆ తర్వాత చర్మం పల్చబడి మొటిమలు, ఎర్రటి మచ్చలు, అవాంఛిత రోమాలు బయల్దేరతాయి. శుభ్రత వేరు, తెలుపు వేరు. ఆ తేడా వందేళ్ళ కిందటే ఆ చాకలి మనిషికి తెలుసు.

పనిమనుషులే ఏజెంట్లు

భర్తతో కలిసి దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరిగింది. చర్చిల్లో, ఇళ్ళ వసారాల్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, తల కడిగి, మందు రాసి చూపించేది. 1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరు మీద శిక్షణ పాఠశాల పెట్టింది. 1910లో ఇండియానాపొలిస్‌కు మకాం మార్చింది. నలుమూలలకూ రైళ్ళున్న ఊరు, సరుకు పంపడం సులువు. అక్కడే ఫ్యాక్టరీ కట్టింది.

వేలమంది నల్లజాతి ఆడవాళ్ళు వాకర్ ఏజెంట్లయ్యారు. వాళ్ళలో ఎక్కువమంది నిన్నటిదాకా ఎవరింట్లోనో అంట్లు తోమినవాళ్ళే, బట్టలుతికినవాళ్ళే. ఇప్పుడు తెల్లటి జాకెట్టు, నల్లటి లంగా తొడుక్కుని, చేతిలో సంచీతో ఇంటింటికీ వెళ్ళేవారు. చేతులు కడుక్కోవడం, పనిముట్లు శుభ్రంగా ఉంచుకోవడం శిక్షణలో భాగమే. ఎవరి సంపాదన వారిది! కొందరు ఇళ్ళు కొనుక్కున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు.

పేరు వచ్చినా గౌరవం ఊరికే రాలేదు. 1912లో షికాగోలో నల్లజాతి వ్యాపారుల మహాసభ జరిగింది. పెద్ద నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. మగవాళ్ళంతా తమ గొప్పలు చెప్పుకుంటుంటే వింటూ కూర్చుంది. ఇక ఓపిక పట్టలేక ఆఖరి రోజున తనకు తానే లేచి నిలబడింది. పత్తి చేల నుంచి ఉతుకు తొట్టికీ, అక్కణ్ణుంచి వంటింటికీ, ఆపైన సొంత స్థలంలో సొంత ఫ్యాక్టరీకీ తాను ఎలా వచ్చిందో చెప్పింది. మరుసటి ఏడాది సభలో వక్తల జాబితాలో ఆమె పేరుంది! ఆ మధ్యలోనే, 1912లో, వాకర్‌తో విడాకులయ్యాయి. పేరు మాత్రం ఆమె వదులుకోలేదు. ఆ పేరుకు విలువ తెచ్చింది తనే కదా!

1917లో ఫిలడెల్ఫియాలో తన ఏజెంట్ల మహాసభ పెడితే 200 మందికి పైగా వచ్చారు. ఎక్కువ సరుకు అమ్మినవారికే కాదు, ఎక్కువ దానం చేసినవారికీ బహుమతులిచ్చింది. అదే ఏడాది నల్లజాతి వారిపై మూకల హత్యలు ఆపాలని కోరుతూ మరికొందరు నాయకులతో కలిసి వైట్‌హౌస్‌కు వెళ్ళింది. అధ్యక్షుడు విల్సన్ వాళ్ళను కలవలేదు. ఆమె ఆ పోరాటాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. 1919లో దానికోసం 5,000 డాలర్లు ప్రకటించింది.

అందరి ఆరోగ్యం చూసి... తనది మరచి

ఒక్కటే లోటు. ఊళ్ళన్నీ తిరిగి శుభ్రత నేర్పిన మనిషి తన ఒంటిని పట్టించుకోలేదు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ముదిరాయి. విశ్రాంతి తీసుకోమని డాక్టర్లు ఎంత చెప్పినా ప్రయాణాలు ఆపలేదు. న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది పక్కన ముచ్చటపడి కట్టించుకున్న భవనంలో నిండా ఏడాదైనా ఉండలేదు. 1919 మే 25న అక్కడే కన్నుమూసింది. అప్పటికామె వయసు 51. పోయేనాటికి ఆస్తి సుమారు 6 లక్షల డాలర్లని అంచనా.

రక్తపోటు గుట్టుగా పెరిగే జబ్బు. తలనొప్పి లేదు కదా అని ఊరుకుంటే కుదరదు. నలభై దాటిన ఆడవాళ్ళు ఏడాదికోసారైనా బీపీ చూపించుకోవాలి. ఇంట్లో అందరికీ మందులందించి తన మాత్ర మరచిపోయే ఇల్లాళ్ళు మన ఇళ్ళలోనూ తక్కువేం కాదు.

కంపెనీ కూతురి చేతికి వచ్చింది. 1981 దాకా నడిచింది. 1998లో అమెరికా ప్రభుత్వం ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. వీలునామాలో మాత్రం మేడం వాకర్ రెండు సంగతులు పక్కాగా రాసి వెళ్ళింది. లాభాల్లో మూడింట రెండు వంతులు మంచి పనులకు పోవాలి. కంపెనీ అధ్యక్ష స్థానంలో ఎప్పుడూ ఆడమనిషే ఉండాలి.