కాగితపు పువ్వు – బూగన్‌విల్ జీవితము

ఇంటి ముంగిట, పాఠశాల ప్రహరీగోడపై, తోటల కంచెలవెంట గులాబిరంగునను, ఎఱుపునను, పసుపునను విరగబూయు ముండ్ల తీగెను ఎఱుగనివారు మనలో లేరు. దానిని మనము కాగితపు పువ్వు అందుము. తమిళులు కాగిదప్పూ అనియు, కన్నడిగులు కాగదద హూ అనియు, ఒడియావారు కాగజ ఫుల అనియు పిలుతురు. మహారాష్ట్రులు మాత్రము బోగన్‌వేల్ అందురు. మరాఠీలో వేల్ అనగా తీగె. మఱి బోగన్ అనునది ఎక్కడిది? అది బోగన్‌విల్లా అను శాస్త్రనామపు తునక. ఆ నామము ఒక ఫ్రెంచి నావికునిది. ఆయన చరిత్రను మన విద్యార్థులు తెలిసికొనుట మేలని తలంచి ఇట వ్రాయుచున్నాము.

లూయీ ఆంత్వాన్ ద బూగన్‌విల్ 1729వ సంవత్సరము నవంబరు మాసమున పారిసు నగరమున జన్మించెను. తండ్రి దస్తావేజులు వ్రాయు అధికారి. బాల్యమునుండియు గణితమున ఆసక్తి గల ఈయన పాతికేండ్ల ప్రాయముననే సమాకలన గణితముపై గ్రంథము రచించి, 1756లో లండను రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఆ యేడే సైన్యముతో కెనడాకు పోయి, ఆంగ్లేయులతో జరిగిన యుద్ధమున సేనాని మోంకామ్‌కు సహాయకుడుగా పనిచేసెను. ఆ యుద్ధమున ఫ్రాన్సు కెనడాను కోల్పోయెను. 1764లో బూగన్‌విల్ దక్షిణ అట్లాంటికు సముద్రమందలి ఫాక్లాండు దీవులలో సొంత ధనముతో ఒక వలసను నెలకొల్పెను. కాని 1767లో దానిని స్పెయినుకు అప్పగింపవలసి వచ్చెను.

ఇట్లు నష్టములను చవిచూచినను ఆయన క్రుంగిపోలేదు. 1766 చివర బూద్యూజ్ అను నౌకపై భూప్రదక్షిణమునకు బయలుదేరెను. సామగ్రిని మోయు ఎత్వాల్ అను రెండవ నౌక దారిలో కలిసికొనెను. అందు ఫిలిబేర్ కొమ్మర్‌సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడును, ఆయన సేవకుడును ఉండిరి. 1767లో బ్రెజిలు దేశపు రియో ద జనేరో రేవున ఈ ముండ్ల తీగె వారికి కానవచ్చెను. కొమ్మర్‌సన్ దానికి తన నాయకుని పేరిడెను.

ఆ సేవకుడు నిజమునకు ఝాన్ బారే అను స్త్రీ. రాజనౌకలపై స్త్రీలకు ప్రవేశము లేనందున ఆమె పురుషవేషము ధరించెను. రియోలో కొమ్మర్‌సన్ కాలి పుండుతో బాధపడుచుండుటచే, ఆ తీగెను కోసి తెచ్చినది ఆమెయే యని పలువురి అభిప్రాయము. 1768 ఏప్రిలులో తాహితి దీవిని చేరినప్పుడు రహస్యము బయటపడెనని బూగన్‌విల్ తన గ్రంథమున తెలిపెను. ఆయన ఆమెను శిక్షింపలేదు.

ఆపై ప్రయాణము కఠినమయ్యెను. ఆహారము తఱిగి నావికులు ఎలుకలను సైతము తినిరి. అయినను 1769 మార్చిలో స్వదేశము చేరునాటికి బూద్యూజ్ నౌకయందలి సుమారు 200 మందిలో ఏడుగురు మాత్రమే మరణించిరి. ఆ కాలమున ఇది అరుదైన సంగతి. తనతో పారిసుకు వచ్చిన ఆహుతోరు అను తాహితివాసిని తిరిగి స్వదేశమునకు పంపుటకు బూగన్‌విల్ సొంత ధనమును వెచ్చించెను. కాని ఆహుతోరు దారిలో మశూచిచే మరణించెను.

తరువాత ఆయన అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున నౌకాదళమును నడపెను. ఫ్రెంచి విప్లవకాలమున చెఱసాల చూచెను. నెపోలియను ఏలుబడిలో సెనేటరుగా మన్ననలందెను. 1811 ఆగస్టు 31న పారిసులో కన్నుమూసెను.

తీగె పేరు 1789లో జుస్యూ అను పండితుని గ్రంథమున అచ్చయ్యెను. అప్పుడు దాని వర్ణక్రమము నేటివలె లేదు, చాలకాలమునకు సరిచేయబడెను. ఝాన్ బారేకు 1785లో ప్రభుత్వము భరణము నిచ్చెను. కాని ఒక మొక్కకు ఆమె పేరు పెట్టుటకు 2012 వఱకు వేచియుండవలసి వచ్చెను. అది వంకాయ జాతికి చెందిన మొక్క.

ఒకరి గౌరవార్థము పండితులు పెట్టునది ఒక పేరు. కన్నులతో చూచి ప్రజలు పెట్టునది మఱియొకటి. ఈ తీగెకు మనము పువ్వు అనుకొను రంగురేకులు నిజమునకు పలుచని ఆకులు. వాని నడుమ తెల్లని సన్నని గొట్టమువలె నుండునదే అసలు పువ్వు. శాస్త్రము చదువని మన పూర్వులు ఆ రేకులను వ్రేళ్ళతో తాకి కాగితమని గుర్తించిరి. శాస్త్రనామము బూగన్‌విల్‌ను స్మరింపజేయును. కాగితపు పువ్వు అను పేరు పువ్వునే చూపును.

ఇంట తెలుగు, వీధిలో ఇరుగుపొరుగువారి భాష, పుస్తకమున శాస్త్రనామము నేర్చు మన పిల్లలు ఈ మూటిని భారముగా తలంపరాదు. శాస్త్రనామమును గ్రంథములు కాపాడును. తెలుగు పేరును కాపాడవలసినవి మన నోళ్ళే. బాలబాలికలారా! ఈ సెలవులలో మీ అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి పెరటి పూవుల పేర్లన్నియు ఒక పుస్తకమున వ్రాసికొనుడు. తల్లిదండ్రులును ఇందుకు తోడ్పడుదురని ఆశించుచున్నాము.