ఓడియు రాజధానిని గాచిన సేనాని

"బెన్ హర్" అను నవలను జదివినవారు మనలో ననేకులు గలరు. తద్గ్రంథకర్తయగు లూ వాలెస్ యుద్ధమునం దోడియు నొక రాజధానిని రక్షించెనని యెఱిగినవారు కొందఱే. ఆ కథ నిచట సంగ్రహముగా జెప్పుచున్నాము.

వాలెస్ 1827లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జన్మించెను. అంతర్యుద్ధమున ఉత్తరపక్షపు సేనానియయ్యెను. 1862లో షైలో యుద్ధమునకు దన దళముతో నాలస్యముగా జేరి నిందపాలయ్యెను.

1864 జూలైలో దక్షిణ సేనాని జూబల్ ఎర్లీ వాషింగ్టన్ నగరముపైకి వచ్చుచుండెను. నగరరక్షకులలో బెక్కుమందిని గ్రాంటు సేనాపతి వర్జీనియా యుద్ధమునకు గొనిపోయియుండెను. బాల్టిమోరులోని వాలెస్, పైవారి యాజ్ఞకై వేచియుండక, మొనాకసీ నదియొద్ద శత్రువుల నడ్డగించెను. ఆయన సైనికులు సుమారు 5,800. శత్రువులు సుమారు 14,000. జూలై 9వ తేదీన సాయంకాలమువఱకు బోరాడి, చనిపోయినవారు, గాయపడినవారు, చెఱజిక్కినవారు గలిసి సుమారు 1,300 మందిని గోల్పోయి వెనుదీసెను.

కాని యెర్లీ కొక దినము వ్యర్థమయ్యెను. అతడు 11వ తేదీన స్టీవెన్స్ కోటను సమీపించునప్పటికి గ్రాంటు పంపిన సైన్యము పొగయోడలనుండి దిగుచుండెను. మఱునాటి పోరాటమును లింకను అధ్యక్షుడు కోటనుండి స్వయముగా జూచెను. ఆ రాత్రియే శత్రువులు మరలిపోయిరి.

ఓడినందులకు వాలెస్ సేనాధిపత్యమునుండి తొలగింపబడెను. కొలదిదినములకే మరల నియమింపబడెను. ఆ యోటమివలన గలిగిన మేలును గ్రాంటు పిమ్మట దన స్వీయచరిత్రమున గొనియాడెను. వాలెస్ 1880లో "బెన్ హర్" ప్రకటించి, 1905లో మృతినొందెను.

విద్యార్థులారా! గెలుపు మన చేతిలో లేనప్పుడును నిలుచుట మన చేతిలో నున్నదని యీ చరిత్రమువలన గ్రహింతుము గాక.