ఆంధ్ర తిలక్ గాడిచర్ల – ఇంటి పన్నులో 8 పైసలు

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో జన్మించారు. పేదరికంలోనే ఎం.ఏ. చదివారు. 1908లో 'స్వరాజ్య' పత్రికలో రాసిన సంపాదకీయానికి జైలుకు వెళ్ళారు. ఇదంతా పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉన్నదే. మాకు ఎక్కువ నచ్చింది ఆయన తర్వాత చేసిన పని.

అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషితో 1914లో బెజవాడలో ఏర్పడిన గ్రంథాలయ సంఘానికి గాడిచర్ల వారు చాలా ఏళ్ళు అధ్యక్షులుగా ఉన్నారు. వయోజన విద్య కోసం ఊరూరా తిరిగారు. అప్పట్లో గ్రంథాలయాలు చందాలతో నడిచేవి. దాత ఉన్నన్నాళ్ళే బీరువా తెరుచుకునేది.

1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాదు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఒకే చట్టం 1960లో వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరి 29న ఆయన కన్నుమూశారు.

ఆ చట్టం వల్లే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. చదువు రాని మా అమ్మానాన్నలు ఎందుకు కట్టాలని కొందరు మిత్రులు అడిగారు. కట్టాలనే మేమంటాం. గైడు కొనుక్కోలేని మాకు శాఖా గ్రంథాలయమే దిక్కు. మేము తినే హాస్టలు అన్నం కూడా పది మంది కట్టిన పన్నుదే కదా! మా ఫిర్యాదల్లా ఒకటే. వసూలైన ఆ సొమ్మును చాలా పంచాయతీలు, మునిసిపాలిటీలు జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయడం లేదు.