తిరుచానూరు నుండి లోక్‌సభ అధ్యక్ష పీఠం వరకు: శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగార్



తిరుమల యాత్రకు వెళ్ళిన మీరు తిరుచానూరులో పద్మావతీ అమ్మవారిని సేవించుకోకుండా తిరిగి వచ్చి ఉండరు. ఆ అలమేలుమంగాపురంలోనే 1891 ఫిబ్రవరి 4న ఒక శ్రీవైష్ణవ కుటుంబంలో జన్మించిన బాలుడు, కాలక్రమాన భారత లోక్‌సభకు రెండవ సభాపతి అయ్యారు. ఆయనే శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ వీధులలో నడిచిన మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

మద్రాసులో పచ్చయప్ప కళాశాలలోను, న్యాయ కళాశాలలోను చదివి, కొంతకాలం గణితోపాధ్యాయులుగా పనిచేసి, పిదప చిత్తూరులో న్యాయవాద వృత్తి చేపట్టారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1940 వ్యక్తి సత్యాగ్రహంలోను, 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోను కారాగారవాసం అనుభవించారు. ఆచారపరాయణమైన వంశంలో పుట్టి కూడ, హరిజనుల ఆలయ ప్రవేశానికై పాటుపడిన వారాయన. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చినది 1947లో. అంతకు ముందు ఆ మాట ఎత్తినవారు సొంత బంధువర్గంలోనే ఎన్ని ముఖాలు ముడుచుకొనడం చూసి ఉంటారో మీరే ఊహించండి. నేడు మన ధ్వజస్తంభం ముందు ఎవరి కులమూ అడగకుండా అందరమూ ఒక్క వరుసలో నిలుస్తున్నామంటే, దాని వెనుక ఇటువంటి వారి శ్రమ ఉన్నది.

1952లో తొలి లోక్‌సభకు తిరుపతి నుండి ఎన్నికై ఉపసభాపతి అయ్యారు. 1956 ఫిబ్రవరిలో తొలి సభాపతి శ్రీ మావలంకర్ గారు పరమపదించగా, మార్చి 8న ఆ పీఠం అధిష్ఠించారు. 1957లో చిత్తూరు నుండి గెలిచి మరల ఏకగ్రీవంగా సభాపతి అయ్యారు.

ఆ పీఠం ఎంత కఠినమైనదో ఒక్కమాట చెప్పాలి. అంతకు ముందు రెండు దశాబ్దాలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసిన మనిషి, అక్కడ కూర్చున్న నాటి నుండి తన అభిప్రాయాన్ని దిగమింగుకొని ఇతరులకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. సభ్యుల ఓట్లు సరిసమానంగా చీలినప్పుడు తప్ప సభాపతి ఓటు వేయరాదు. 1957 డిసెంబరులో జీవిత బీమా సంస్థ సొమ్ము సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు ముంద్రా కంపెనీల వాటాలలో పెట్టిన ఉదంతం సభకు వచ్చింది. లేవనెత్తినవారు అధికార పక్షానికే చెందిన ఫిరోజ్ గాంధీ. ఇరుకున పడినది అదే పక్షపు ఆర్థిక మంత్రి. అయ్యంగార్ గారూ కాంగ్రెసు వారే. అయినా చర్చ సాగనిచ్చారు. విచారణ జరిగి, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఇక అన్నిటికంటె మన గృహాలకు దగ్గరైన ఘట్టం వేరొకటి ఉన్నది. వరకట్న నిషేధ బిల్లుపై లోక్‌సభకు, రాజ్యసభకు పొత్తు కుదరలేదు. ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని ఇచ్చినదంతా కట్నమేనా? ప్రీతితో పెట్టే నగలు, వస్త్రాలు అందులోకి వస్తాయా? రెండు సభలు తలొక దారి పట్టడంతో, రాజ్యాంగం ప్రకారం ఉభయసభల సంయుక్త సమావేశం జరపవలసి వచ్చింది. మన గణతంత్ర చరిత్రలో అదే మొదటిది. 1961 మే 6, 9 తేదీలలో పార్లమెంటు సెంట్రల్ హాలులో జరిగిన ఆ సమావేశానికి అధ్యక్షత వహించినవారు అనంతశయనం అయ్యంగార్ గారే. తరువాత అటువంటి చట్టసభా సమావేశాలు 1978లోను, 2002లోను మాత్రమే జరిగినవి. బిల్లు నెగ్గి, ఆ నెలలోనే చట్టమైనది. కట్నం పుచ్చుకున్నవారికే కాదు, ఇచ్చినవారికీ ఆరు మాసాల వరకు జైలు, ఐదువేల రూపాయల వరకు జరిమానా అని నాడు నిర్ణయించారు. కానుకలకు ఇచ్చిన మినహాయింపు సందుగా మారినదని గ్రహించి, 1984లో ఆ వివరణను తొలగించారు. కల్యాణ మండపానికి విరాళమిచ్చిన దాతలలో ఎందరో ఆడపిల్లల తండ్రులున్నారు. ఆ చట్టం ఎంతవరకు అమలైనదో వారిని వేరుగా అడగనక్కరలేదు.

అయ్యంగార్ గారి తరువాత తెలుగువారిలో శ్రీ నీలం సంజీవరెడ్డి, శ్రీ జి.ఎం.సి. బాలయోగి ఆ పీఠాన్ని అలంకరించారు. 1967లో సభాపతి కాగానే సంజీవరెడ్డి గారు తమ పార్టీ సభ్యత్వాన్నే వదులుకున్నారు.

1962 నుండి 1967 వరకు అయ్యంగార్ గారు బీహారు గవర్నరుగా ఉన్నారు. అనంతరం స్వస్థలానికి చేరి, తిరుపతిలోని కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం అభివృద్ధికి శేషజీవితం వినియోగించారు. ఆ విద్యాపీఠమే 2020 నుండి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైనది. 1978 మార్చి 19న, 87 ఏళ్ళ వయసులో ఆయన స్వామి సన్నిధి చేరుకున్నారు. ఈసారి తిరుచానూరు వెళ్ళినప్పుడు, అమ్మవారి దర్శనానంతరం పుష్కరిణి మెట్లపై కాసేపు కూర్చొన్నప్పుడు, ఆ ఊరి బిడ్డ కథను మీ పిల్లలకు చెప్పండి.