అల్ ఖ్వారిజ్మీ: లెక్కల పుస్తకంలో వారసత్వ పాఠం

పదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో తరచుగా ఒక మాట వినిపిస్తుంది. వర్గ సమీకరణాలు తలకెక్కడం లేదని పిల్లలు అంటారు. అవి బ్రతుకులో ఎందుకు పనికొస్తాయో మాకూ తెలియదని పెద్దలు అంటారు. మరికొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, అదంతా ప్రాపంచిక విద్య, దీనీ విద్య వేరు అని తేల్చేస్తారు. ఇలా అనుకునే వారందరికీ మేము ఒక పండితుని జీవితాన్ని పరిచయం చేయదలచాం. ఆయన పేరు ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఈ లెక్కలను ఒక శాస్త్రంగా కూర్చిన ఆయనకు ఆ రెండు విద్యల మధ్య గోడ కనిపించలేదు.

ఖ్వారిజ్మ్ నుంచి బాగ్దాద్‌కు

ఆయన క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారనీ, 850 ప్రాంతంలో మరణించారనీ చరిత్రకారుల అంచనా. ఆరల్ సముద్రానికి దక్షిణంగా, ఆమూ నది పరివాహక ప్రాంతంలో ఉన్న సీమ పేరు ఖ్వారిజ్మ్. నేడు అది ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాల్లో ఉంది. ఆ సీమ పేరే ఆయన పేరుగా స్థిరపడింది.

ఆయన జీవితం వికసించింది మాత్రం బాగ్దాద్‌లో. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ 762లో పునాది వేసిన ఆ నగరం కొద్ది దశాబ్దాల్లోనే విద్యలకు నిలయమైంది. 813 నుంచి 833 వరకు పాలించిన ఖలీఫా మామూన్ కాలంలో అక్కడి ‘బైతుల్ హిక్మా’ పండితులతో కళకళలాడింది. యూనానీ, పారశీక, సంస్కృత గ్రంథాల జ్ఞానం అరబీ భాషలోకి ప్రవహించింది. ఆ పండితుల్లో ఖ్వారిజ్మీ ఒకరు.

ప్రజల అవసరం కోసం రాసిన గ్రంథం

ఖలీఫా మామూన్ ప్రోత్సాహంతో ఆయన రాసిన గ్రంథం ‘అల్ కితాబుల్ ముఖ్తసర్ ఫీ హిసాబిల్ జబ్ర్ వల్ ముఖాబలా’. ఇది పండితుల గొప్పతనాన్ని చాటడానికి రాసినది కాదు. అల్లాహ్‌ను స్తుతించి ప్రారంభించిన ఆ గ్రంథం ముందుమాటలోనే ఆయన తన ఉద్దేశం వివరించారు. వారసత్వాలు, వీలునామాలు, ఆస్తి పంపకాలు, వ్యాజ్యాలు, వ్యాపారం, భూముల కొలతలు, కాలువల తవ్వకం వంటి పనుల్లో ప్రజలకు నిత్యం అవసరమయ్యే సులభమైన లెక్కలను అందించడమే ఆ ఉద్దేశం.

‘జబ్ర్’ అంటే లోటును పూరించడం. విరిగిన ఎముకను తిరిగి అతకడానికి కూడా అరబీలో ఇదే మాట వాడతారు. ఒక వర్గం, నలభై మూలాల్లోంచి నాలుగు వర్గాలు తీసివేసిన దానికి సమానం అనుకుందాం. తీసివేసిన ఆ నాలుగు వర్గాలను రెండు వైపులా కలిపితే లోటు పూడిపోయి, ఐదు వర్గాలు నలభై మూలాలకు సమానమవుతాయి. అప్పుడు మూలం 8. ‘ముఖాబలా’ అంటే రెండు వైపులను ఎదురెదురుగా ఉంచి, ఉమ్మడిగా ఉన్నదాన్ని తీసివేయడం. త్రాసులో రెండు తట్టల నుంచీ సమానమైన బరువు దించినట్టన్నమాట.

ముప్పై తొమ్మిది లెక్క

ఖ్వారిజ్మీ సమీకరణాలను ఆరు రకాలుగా విభజించి, ఒక్కొక్కదానికీ పద్ధతి చెప్పారు. ఆయన గ్రంథంలో నేటి గుర్తులు ఏవీ లేవు. తెలియని రాశిని ‘షై’ (వస్తువు) లేదా ‘జిజ్ర్’ (మూలం) అన్నారు, దాని వర్గాన్ని ‘మాల్’ (ధనం) అన్నారు. అంతా మాటల్లోనే సాగింది.

ఆయన ఇచ్చిన ప్రసిద్ధమైన లెక్క ఇది: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39 వచ్చింది. ఆ సంఖ్య ఎంత?

ఒక చతురస్రాకారపు స్థలాన్ని ఊహించుకోండి. దాని భుజమే మనకు కావలసిన సంఖ్య. పదిని సగం చేస్తే 5. ఆ స్థలానికి రెండు పక్కల 5 వెడల్పుతో రెండు పట్టీలు చేర్చండి. ఇప్పుడు మొత్తం వైశాల్యం 39. అయితే ఒక మూల ఖాళీగా ఉంది. ఆ మూల 5 పొడవు, 5 వెడల్పు, అంటే 25. దాన్ని నింపితే మొత్తం 64 అయి, పెద్ద చతురస్రం పూర్తవుతుంది. దాని భుజం 8. అందులో చేర్చిన 5 తీసివేస్తే 3. సరిచూడండి: మూడు వర్గం 9, మూడుకు పది రెట్లు 30, కలిపితే 39.

పాఠ్యపుస్తకంలో ‘వర్గాన్ని పూర్తి చేయడం’ అనే పేరుతో మన పిల్లలు చదివేది ఇదే. గుర్తులతో అర్థం కాని పిల్లవాడికి నేలమీద ఈ బొమ్మ గీసి చూపించండి. ఇప్పటి పుస్తకం ఈ లెక్కకు ఋణ పదమూడును కూడా జవాబుగా చెబుతుంది. కొలతలతో ఆలోచించిన ఖ్వారిజ్మీ ఋణ జవాబులను లెక్కలోకి తీసుకోలేదు.

ఎవరి వాటా వారికి

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. వర్గ సమీకరణాలను మొట్టమొదట కనిపెట్టింది ముస్లింలే అని కొందరు చెబుతుంటారు. అది సరికాదు. వేల ఏళ్ల క్రితం బాబిలోనియా వాసులు ఇలాంటి లెక్కలు చేశారు. మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లో రచించిన ‘బ్రహ్మస్ఫుటసిద్ధాంతం’లో వీటికి సూత్రం ఇచ్చాడు. పైగా ఋణ సంఖ్యలకు కూడా నియమాలు చెప్పాడు. ఖ్వారిజ్మీ ఘనత ఏమిటంటే, చెల్లాచెదురుగా ఉన్న లెక్కలను ఒక క్రమంలో పెట్టి, ప్రతి పద్ధతికీ కారణం చూపి, బీజగణితాన్ని స్వతంత్ర విద్యగా నిలబెట్టడం.

భారతీయుల ఋణాన్ని ఆయన దాచుకోలేదు. సున్నాతో సహా పది గుర్తులతో లెక్కించే విధానాన్ని వివరిస్తూ రాసిన గ్రంథంలో దాన్ని భారతీయుల లెక్కగానే పరిచయం చేశారు. ఆయన ఖగోళ పట్టికలు ‘జీజ్ అల్ సింద్‌హింద్’కు కూడా భారతీయ సిద్ధాంతాలే ఆధారం. ఇతరుల మేలును ఒప్పుకోవడం కూడా అమానతే.

భూగోళ శాస్త్రంలో ఆయన ‘కితాబు సూరతిల్ అర్ద్’ రాసి, 2402 స్థలాల అక్షాంశ రేఖాంశాలను నమోదు చేశారు. 1126లో ఆయన ఖగోళ పట్టికలు, 1145లో బీజగణిత గ్రంథం లాటిన్ భాషలోకి వెళ్లాయి. గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ యూరప్‌లో ఆల్జీబ్రా అయింది. ఆయన పేరే మారి మారి అల్గారిథమ్ అయింది. నేడు ప్రతి కంప్యూటర్, ప్రతి సెల్‌ఫోన్ అల్గారిథమ్‌లపైనే నడుస్తోంది.

మనం మరచిన సగం

యూరప్‌కు చేరిన లాటిన్ అనువాదాల్లో ఒక పెద్ద భాగం లేదు. అది మూల గ్రంథంలో దాదాపు సగం. అదే వీలునామాలు, వారసత్వాల అధ్యాయం. అక్కడి వారికి అది అవసరం లేకపోయింది. కానీ మనకు?

ఆ అధ్యాయంలోని ఒక లెక్క చూడండి. ఒక వ్యక్తి ఇద్దరు కుమారులను వదిలి మరణించాడు. ఆస్తిలో మూడో వంతు పరాయి వ్యక్తికి చెందాలని వీలునామా చెప్పాడు. చేతిలో ఉన్నది 10 దిర్హమ్‌లు. ఒక కుమారుడు తండ్రికి మరో 10 దిర్హమ్‌లు బాకీ. ఆ కుమారుని వాటాకు సరిపడేంత బాకీని ‘షై’ అనుకుని ఆస్తిలో కలిపారు ఖ్వారిజ్మీ. పదీ, ఒక షై కలిసిన మొత్తంలో మూడో వంతు ఒక షైకి సమానం. అంటే మూడు షైలు పదీ, ఒక షైకి సమానం. రెండు షైలు పది, ఒక షై 5. ఉన్న పది దిర్హమ్‌లలో పరాయి వ్యక్తికి 5, రెండో కుమారునికి 5. బాకీపడిన కుమారుని వాటా 5 అతని బాకీలోనే చెల్లిపోయింది.

ఇక మన ఇళ్ల సంగతి. భార్యను, ఒక కుమారుణ్ణి, ఇద్దరు కుమార్తెలను వదిలి ఒకరు మరణించారనుకోండి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వీలునామా తీరాక మిగిలినదాన్ని 32 భాగాలు చేస్తే భార్యకు 4, కుమారునికి 14, ఒక్కొక్క కుమార్తెకు 7. సూరె నిసా నిర్ణయించిన వాటాలివి. ఐదో తరగతి భిన్నాలు వచ్చిన పిల్లవాడు చేయగల లెక్క. అయినా ఎన్నో ఇళ్లలో ఇది జరగడం లేదు. పెళ్లికి ఖర్చు చేశాం కదా అని అక్కచెల్లెళ్ల వాటా ఎగ్గొడుతున్నాం. అడిగితే సంబంధం చెడుతుందని వారు నోరు మూసుకుంటున్నారు. ఆ మౌనాన్ని మనం అంగీకారంగా రాసుకుంటున్నాం.

కాబట్టి తల్లిదండ్రులారా! పిల్లలు లెక్కలు చేస్తూ ఉంటే ఇది దీన్‌కు పనికిరాని చదువు అని అనకండి. అబ్బాయికీ అమ్మాయికీ సమానంగా నేర్పించండి. వారసత్వ వాటాలు తెలిసిన ఆలిమ్ దగ్గర కూర్చోబెట్టి, తమ ఇంటి లెక్క తామే వేయడం నేర్పించండి. తన హక్కు ఎంతో తెలిసిన అమ్మాయిని మోసం చేయడం కష్టం. చెల్లి వాటాను తన చేతితో లెక్కకట్టిన అబ్బాయికి దాన్ని మింగడం ఇంకా కష్టం.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ, హక్కుదారుల హక్కును చెల్లించే మనసునూ ప్రసాదించుగాక. ఆమీన్.